దుబాయి పూలు

మజీదా బీ వంటింటి తలుపుకు బయటి నుంచి గొళ్లెం పెట్టింది. పెట్టి, అది ఎక్కడ ఊడుతుందో అన్నట్టు ఆ తలుపుకే వీపు ఆనించి నిలబడింది.

లోపల కోడలు సఫూరా. ముందుగదిలో సఫూరా తండ్రి తాజుద్దీన్, ఆయన పక్కన మసీదు జమాత్‌కు పెద్ద, సదర్ అజీముద్దీన్ సాబ్. కూతురిని కామారెడ్డికి తోలుకుపోదామని పొద్దున బస్సులో ఎల్లారెడ్డి వచ్చిన తాజుద్దీన్‌కు ఇంతవరకు కూతురి ముఖమే చూపించలేదు.

"అమ్మీ, తలుపు తియ్యుండ్రి," అంది సఫూరా లోపలి నుంచి.

మజీదా బీ గొళ్లెం సరిచూసుకుంది.

"అబ్బా గొంతు ఇనపడుతున్నది. ఒక్కసారి మొఖం చూసి వస్త."

"చాయ్ అయ్యిందా?"

"అయ్యింది."

"కిటికీలకెల్లి ఇయ్యి."

వంటింటికీ నడవకూ నడుమ గిన్నెలు అందించుకునే చిన్న కిటికీ ఒకటుంది. పిల్లి దూరుతుంది, మనిషి దూరదు. సఫూరా అందులోంచి రెండు కప్పులు అందించింది. అత్త వాటిని సాసర్లలో పెట్టుకుంది.

"తలనొప్పితోని పండుకున్నవని చెప్పిన. నీ దగ్గు గూడ బయటికి ఇనపడొద్దు," అని చాయ్ తీసుకుని ముందుగదిలోకి పోయింది.

ఏం బతుకమ్మా ఇది! కన్నతండ్రి గోడ అవతల కూర్చుంటే, కూతురు తన దగ్గును తానే మింగుకోవాలి. సఫూరా తలుపుకు చెవి ఆనించింది.

"ఆపా, అల్లుడు దుబాయి పోయి మూడేండ్లాయె," అంటున్నాడు తాజుద్దీన్. కామారెడ్డిలో పుస్తకాలకు అట్టలు వేసుకు బతికే మనిషి, గొంతు పెంచి మాట్లాడటం రాదు. "మొదటి ఏడు మంచిగనే ఉండె. ఆ తర్వాత ఖర్చు పంపలే, ఖబర్ పంపలే. నా బిడ్డ ఎన్నేండ్లు గిట్ల కూసుంటది? ఏదన్న దారి చూపుమని సదర్ సాబ్‌ను తోలుకొచ్చిన."

"ఎవలన్నరు పంపుతలేడని?" మజీదా బీ గయ్యిమంది. "అద్దాల బీరువా ముందట కూసోనే అడుగుతున్నవా, అన్నా? కండ్లు లేవా?"

కుర్చీ కిర్రుమంది. సదర్ సాబ్ లేచి బీరువా దగ్గరికి నడిచాడు.

"ఇవేం పూలు, ఆపా? ముత్యపు చిప్పలా?"

"ఆ. మా వహీద్ పంపిండు. దుబాయి సముద్రం ఒడ్డునే గదా."

"పూలు పెట్టిన గాజు బుడ్డి?"

"అది గూడ వాడే."

"దీపానికి పెట్టిన ఈ బుట్ట?"

"అన్ని వాడే. కన్నతల్లిని కొడుకు మర్సిపోతడా?"

కుర్చీ మళ్లీ కిర్రుమంది. ఆ తర్వాత సదర్ సాబ్ అన్న మాట తలుపు దాటి వచ్చి సఫూరా గుండెలో దిగింది.

"తాజుద్దీన్ భాయి, మొగడు పట్టించుకుంటలేడంటేనే జమాత్ నడుమ రావాలె. ఇంటినిండ సామాన్లు పంపేటోన్ని పట్టుకొని ఏమని మాట్లాడుదం? పిల్ల ఈడ్నే ఉండాలె. అదే ఇన్సాఫ్."

సఫూరాకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటే ఏడుపొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నేల మీద కూలబడింది.

ఆ గాజు బుడ్డి మాడిపోయిన బల్బు. లోపలి తీగ ఊడబీకి, సీసా మూత మీద లక్కతో నిలబెట్టింది. ఆ దీపపు బుట్ట బడి పిల్లలు చీకి పారేసిన పుల్ల ఐస్ పుల్లలు. ఇక ఆ ముత్యపు చిప్పలు పోచారం చెరువు బొచ్చె చేప పొలుసులు! ఉప్పూ నిమ్మకాయా వేసి రుద్ది, నీడన ఆరబెట్టి, మిఠాయి రంగులో ముంచి, చీపురుపుల్లకు దారంతో కట్టిన పూలు. నడిమధ్య తుమ్మబంకతో అంటించిన ఆవాలు. దుబాయి సముద్రమట! అన్నీ ఈ వంటింట్లో, ఈ పీట మీద పుట్టినవే.

మొదటి పువ్వు ఏదో పొద్దుపోక చేసింది. కామారెడ్డి బడిలో చేతిపనుల టీచరమ్మ నేర్పిన విద్య. పక్కింట్లో బీడీలు చేసే ఈరవ్వ అది చూసి, "అబ్బో, దుబాయిదా?" అని నోరు తెరిచింది. ఈ వీధిలో అంతే. గల్ఫుకు మనిషి పోయిన ఇంట్లో ఏది మెరిసినా దుబాయిదే. సఫూరా జవాబు చెప్పేలోపే మజీదా బీ, "అవును, వహీద్ పంపిండు," అనేసింది. అప్పటికే వహీద్ కబురు ఆగిపోయి చాలా రోజులైంది. ఆ మాట అన్నాక ముసలామె ముఖం ఎంత కళకళలాడిందో! పోనీలే పాపం అనుకుని సఫూరా ఊరుకుంది. అక్కడే పప్పులో కాలేసింది.

ఆ తర్వాత అత్తే అడిగి చేయించడం మొదలుపెట్టింది. తలుపు వేసుకుని చెయ్యాలి, పొరుగు కంట పడకూడదు, పొలుసు ముక్క కూడా బయట కనపడకూడదు. అబద్ధం చెప్పినా అతికినట్టు ఉండాలంటారు. ఈ ఇంట్లో చెప్పడం అత్త వంతు, అతికించడం కోడలి వంతు. ఆ అతుకుల బీరువాయే ఇవాళ సదర్ సాబ్ ముందు నిలబడి, ఈ పిల్లకు ఏ లోటూ లేదని సాక్ష్యం చెబుతోంది.

"సరే మరి, సాబ్. మీరు ఎట్ల చెప్తె అట్ల," అన్నాడు తాజుద్దీన్.

ఓడిపోయిన గొంతు. చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు. సఫూరా ఇక ఆగలేకపోయింది. రెండు చేతులతో తలుపు బాదింది.

"అబ్బా! అవి నేను చేసిన! దుబాయియి కావు, అబ్బా! నేను చేసిన!"

ముందుగదిలో చెప్పుల చప్పుడు ఆగిపోయింది.

"తలనొప్పి పిల్ల గొంతు మంచిగనే ఉన్నది గదా, ఆపా," అన్నాడు సదర్ సాబ్. "తలుపు తియ్యుండ్రి."

గొళ్లెం తీసేటప్పుడు మజీదా బీ కోడలి ముఖంలోకి చూడలేదు. సఫూరా తల మీద కొంగు సర్దుకుని ముందుగది గడప దగ్గర నిలబడింది. తండ్రి చెప్పులు వదిలేసి ఆమె వైపు రెండడుగులు వేశాడు.

"ఏందన్నవు బేటీ? నువ్వు చేసినవా?" అన్నాడు సదర్ సాబ్.

"ఆ, సాబ్. అవి చేప పొలుసులు."

సదర్ సాబ్ పకపకా నవ్వాడు. "పుట్టినప్పటి సంది చేపలు తింటున్న. పొలుసులు పూలయితయని ఎన్నడు ఇనలే. పిల్లగాండ్ల ఆట అనుకుంటున్నవా?"

"పొలుసులు తెప్పియ్యుండ్రి. మీ ముందట్నే చేస్త."

నడవ గోడ మీద అప్పటికే ఈరవ్వ తల కనపడుతోంది. ఒళ్లో బీడీల చాట అట్లాగే ఉంది. వీధిలో ఎక్కడ మాట పెరిగినా ఈరవ్వ తల ఆ గోడ మీద మొలుస్తుంది.

"బస్టాండు కాడ పోచారం చేపలు కోస్తరు గదా, నేను పోయి తెస్త సాబూ," అంది. అంటూనే సఫూరా వైపు తిరిగింది. "గవ్వి నువ్వు చేసినవా బిడ్డా? నేను నిజంగ దుబాయియే అనుకుంటి గదనే!"

ఈరవ్వ వెళ్లింది. మగవాళ్లిద్దరూ అసర్ నమాజుకు మసీదుకు లేచారు. ఇంట్లో అత్తాకోడళ్లు మిగిలారు. సఫూరా వంటింట్లోకి వచ్చి సూది, దారం, నిమ్మకాయ, చీపురుపుల్లలు పీట పక్కన పెట్టుకుంది. మజీదా బీ గడప మీద కూర్చుంది.

"నీకేం తక్కువ చేసిన?" అంది అత్త.

"తక్కువ చెయ్యలే."

"కొట్టిన్నా? తిట్టిన్నా? తినే కాడ ఏనాడన్న లెక్క చూసిన్నా?"

"లేదు, అమ్మీ."

"మరెందుకు నా కొడుకును సంపుతున్నవ్?"

సఫూరా నిమ్మకాయ పక్కన పెట్టేసింది. "నేను సంపుడేంది, అమ్మీ? ఏం మాటలవి?"

"వాడు పంపుతలేడని నా నోటితోని నేను అన్ననాడు ఊరంత ఏమంటది? పోయిండంటది. ఓపిక పట్టు అంటరు, పోయినోళ్లకు ఇచ్చే ఫాతెహా ఇయ్యి అంటరు, ఇంటింటికెల్లి ఆడోళ్లు వచ్చి నన్ను పట్టుకొని ఏడుస్తరు. నేను ఏడవ. ఎందుకు ఏడ్వాలె? ఆ పూలు బీరువాల ఉన్నంతసేపు వాడు ఉన్నడు. నాకు గంతే ఎరుక."

ఇంతకాలం ఇది పరువు కోసం ఆడే అబద్ధమనుకుంది సఫూరా. పరువు కోసమే అయితే ఆ అబద్ధాన్ని తెంచెయ్యవచ్చు. దీన్ని ఎట్లా తెంచాలి? ముసలామె మీద కోపం తెచ్చుకోవాలని చూసింది, రాలేదు. జాలి వచ్చింది. ఆ జాలి మీదే ఆమెకు ఒళ్లు మండింది.

"నేను గూడ బతికే ఉన్న గదా, అమ్మీ. నా దిక్కు ఒక్కసారన్న చూసిండ్రా?"

మజీదా బీ అప్పుడు కూడా చూడలేదు. పొయ్యి వైపే చూస్తూ కూర్చుంది.

ఈరవ్వ తునికాకులో పొలుసులు చుట్టుకుని వచ్చింది. వెనకే నీచు వాసన, దాని వెనక వీధి ఆడవాళ్లు. నడవ నిండిపోయింది. మసీదు నుంచి తిరిగి వచ్చిన సదర్ సాబ్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కుర్చీ జరుపుకున్నాడు.

సఫూరా పీట నడవలోకి తెచ్చుకుని పొలుసులను ఉప్పు వేసి రుద్దింది, కడిగింది, నిమ్మరసంలో తిప్పింది. "ఆరబెడితె ఇంక మంచిగ మెరుస్తయి, ఇయ్యాల్టికి గిట్లనే," అని తనలో తాను అనుకున్నట్టు అంది. చిన్న పొలుసులు లోపలికి, పెద్దవి బయటికి ఏరుకుంది. ఒక్కొక్కదాని మొదట్లో సూది గుచ్చి, దారం లాగి, చీపురుపుల్ల కొస చుట్టూ బిగించింది. మొదటి వరస మొగ్గలా ముడుచుకుంది. రెండో వరసకు విప్పారింది. మూడో వరసకు "యా అల్లా" అన్నాడు సదర్ సాబ్. రుమాలు ఎప్పుడో ఒళ్లోకి జారింది.

బీరువాలోంచి ఒక పువ్వు తెప్పించి పక్కన పెట్టి చూశాడు. రంగూ ఆవాలూ పక్కన పెడితే, కొంచెం తడి తప్ప తేడా లేదు. రెండూ కవలల్లా ఉన్నాయి.

తాజుద్దీన్ కళ్లు తుడుచుకున్నాడు. "నా బిడ్డ అబద్ధమాడదు సాబ్. నేను చెప్పలేదా?"

సఫూరాకు ఒక్కసారిగా ఊపిరాడింది. కామారెడ్డి ఇల్లు, అట్టల జిగురు వాసన, తన మంచం, అన్నీ దగ్గరికి వచ్చేశాయి.

"ఇగ ఆపా ఒక్క మాట చెప్తె అయిపోతది," అన్నాడు సదర్ సాబ్. "చెప్పుండ్రి ఆపా. ఈ పిల్ల చేసినవేనా?"

మజీదా బీ లేచి నిలబడింది. తల మీద దుపట్టా సరిచేసుకుంది. గొంతు ఎక్కడా తొణకలేదు.

"ఈ పువ్వు ఇది చేసిందే. నేను కాదంటలేను. దాని చేతుల పని ఉన్నది." కొంచెం ఆగింది. "బీరువాల పూలను దినాము తుడుసుకుంట, చూసుకుంట నేర్సుకున్నది. ఆ బీరువాలయి మాత్రం నా కొడుకు పంపినయే. అల్లా సాక్షి."

నడవలో ఎవరో "అద్గదీ" అన్నారు.

సఫూరా అత్త వైపే చూసింది. నమాజు ఒక్క పూట తప్పని మనిషి. జ్వరంలో కూడా రోజా ఉపవాసం విడవని మనిషి. ఆ నోటితో దేవుణ్ని సాక్షిగా పిలిచి ఇంత అబద్ధం! తన కొంప మునిగిందన్న బాధ కన్నా ముందు, ముసలామె ఏం చేసుకుందో అన్న భయం పుట్టింది ఆమెకు.

"అమ్మీ, ఒద్దు," అంది గొణిగినట్టుగా.

"ఒద్దంటవేంది బేటీ? నిజమా కాదా చెప్పు," అన్నాడు సదర్ సాబ్. "నువ్వు చేస్తుంటె ఎవలన్న చూసిండ్రా?"

"లేదు. తలుపు ఏసుకొని చేసిన."

"ఈరవ్వా, నువ్వు?"

"నేనెందుకు అబద్ధమాడాలె సాబూ? ఎన్నడు చూడలే. నాకు దుబాయియి అనే చెప్పిండ్రు. ఈ పిల్ల గూడ అప్పుడు కాదనలే."

"మరి ఊరంత దుబాయి దుబాయి అంటుంటె ఇన్ని దినాలు నోరెందుకు మూసుకున్నవ్, బేటీ?"

ఏమని చెప్పాలి? మా అత్త ముఖం కళకళలాడిందని చెప్పాలా? జమాత్ ముందు అదొక సాక్ష్యమా? కక్కలేక మింగలేక తల దించుకుంది సఫూరా. ఆ తల దించుకోవడాన్నే అందరూ ఎవరికి తోచినట్టు వాళ్లు చదువుకున్నారు.

సదర్ సాబ్ గడ్డం నిమురుకున్నాడు. "కండ్లతోని చూసింది ఒక తీరుంది. ఒట్టు పెట్టింది ఇంకొక తీరుంది. నేను ఎవల పక్కన పడను. బక్రీదు దాకా గడువు. ఆ లోపట వహీద్ కాడికెల్లి ఈ ఇంట్ల లేని కొత్త సామాను ఏదన్న ఒక్కటొస్తె, వాడు పట్టించుకుంటున్నట్టే. రాకపోతె పిల్లను తండ్రి తోలుకపోతడు. ఇగ ఎవలు నోరెత్తొద్దు."

"సాబ్, అది గూడ నా బిడ్డతోనే చేపిస్తరు!" తాజుద్దీన్ జీవితంలో మొదటిసారి గొంతు పెంచాడు.

సదర్ సాబ్ నవ్వాడు. "ఎందుకు చేస్తది, భాయి? పోవాలనుకునే పిల్ల తన కాళ్లకు తనే బేడీలు ఏసుకుంటదా?"

ఆ మాటకు వీధి జనం కూడా తలలూపారు.

వెళ్లేముందు తాజుద్దీన్ కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. "బక్రీదు ఎంత దూరం లేదు, బేటీ. జర ఓర్సుకో. నువ్వేం చెయ్యొద్దు. ఊకె కూసో. నేను మల్ల వస్త."

బస్సు వేళ అయిందని వాళ్లు వెళ్లిపోయారు. సఫూరా గుమ్మంలో నిలబడి తండ్రి వంగిన వీపు మలుపు తిరిగేదాకా చూసింది. ఇవాళే పోదామనుకున్నది పోలేదు. అయినా తండ్రి చెప్పింది నిజమే కదా! ఏమీ చెయ్యకుండా ఊరికే కూర్చుంటే చాలు. పండుగ రాగానే తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. ఇంత సులువైన పని ఈ ఇంట్లో ఆమెకు ఏనాడూ తగల్లేదు.

మగ్రిబ్ అజాన్ అయింది. మజీదా బీ జానమాజ్ పరుచుకుని కూర్చుంది. నమాజు అయిపోయాక కూడా లేవలేదు. దువాకు చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి, పెదవులు కదులుతున్నాయి, చెంపల మీద తడి. ఏ క్షమాపణ అడుగుతోందో సఫూరాకు తెలుసు. చూడలేక వంటింట్లోకి పోయి బియ్యం ఏరుతూ కూర్చుంది.

కాసేపటికి అత్త వచ్చింది. చేతుల మీద తెల్లగుడ్డలో చుట్టిన మూట. పీట ముందు పెట్టి విప్పింది. కర్పూరం వాసన గుప్పుమంది.

లోపల వహీద్ నిఖా నాటి షేర్వానీ. మెడ చుట్టూ జరీ, ముంజేతుల దగ్గర జరీ, ఎదమీద వరసగా మెరిసే గుండీలు. మజీదా బీ దాన్ని ఇంతవరకు ఎవరినీ ముట్టుకోనియ్యలేదు. ఉతకడం సంగతి అటుంచి, ఎండలో వేసినా తనే పక్కన కూర్చునేది.

షేర్వానీ మీద కత్తెర పెట్టింది.

"కత్తిరించు."

"అమ్మీ, ఇది వారి నిఖా..."

"నాకెరుక లేదా? జరీ ఉన్నది, గుండీలున్నయి, పట్టు ఉన్నది. డబ్బానో, బొమ్మనో, ఏదన్న చెయ్యి. ఈ ఇంట్ల ఇంతకుముందు లేనిది కావాలె. చూసెటోడు దుబాయిదనాలె."

సఫూరా వెనక్కి జరిగింది. గోడ తగిలింది.

"నేను చెయ్య. చేస్తె ఈడ్నే ఉండిపోత, అమ్మీ. నా బతుకంత ఈడ్నే."

"చెయ్యకపోతె వాడు పోతడు."

కేకలు లేవు, బెదిరింపు లేదు. బియ్యం ధర చెప్పినట్టు చెప్పింది. చెప్పి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. పొద్దుటి నుంచి కోడలి వైపు చూడని మనిషి ఇప్పుడు రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

తిట్టి ఉంటే బాగుండు, కొట్టి ఉంటే ఇంకా బాగుండు అనిపించింది సఫూరాకు. షేర్వానీని అత్త ఒళ్లో విసిరేద్దామనే చేతిలోకి తీసుకుంది. బరువుగా ఉంది. జరీ ఇంకా నల్లబడలేదు. మెడ పట్టీ విడిగా కుట్టింది, సులువుగా వస్తుంది. చెయ్యకూడదు, చెయ్యనే చెయ్యను అనుకుంటూనే ఉంది. ఆమె బొటనవేలు మాత్రం జరీ అంచు వెంబడి మెల్లగా పోతూ, ఎక్కడ కోస్తే తెగినట్టు కనపడదో ఆ చోటు దగ్గర ఆగింది.